కౌన్సెలర్‌ను మొదటిసారి కలవబోతున్నాను: ఏ భాషలో, ఏం చెప్పాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

నమస్కారం. మా నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, పొయ్యి మీద ఏం పెట్టానో కూడా మరిచిపోతున్నాను. రక్తపరీక్షల్లో ఏ లోపమూ లేదని చెప్పిన డాక్టరుగారు కౌన్సెలర్‌ను కలవమన్నారు. బుధవారం వెళ్లాలి. ఆవిడ ఒడియావారు. నేను బడిలో చదివిందీ, బజారులో మాట్లాడేదీ ఒడియానే అయినా, నాన్న మీద పెట్టుకున్న బెంగను ఆ భాషలో ఎలా చెప్పాలో తెలియడం లేదు. మొదటి రోజు ఏం అడుగుతారు? మందులు రాస్తారా? ఊరు చిన్నది కనుక నా మాటలు మా అత్తగారింటి దాకా వెళ్తాయేమోనన్న భయమూ ఉంది.

సమాధానం (రాయగడ నుంచి)

చెల్లెమ్మా, అమ్మ పోయిన ఏడాది నేనూ ఇదే భయంతో వెళ్లాను. మొదటి రోజు చాలావరకు పరిచయానికే సరిపోతుంది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, బాధ ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది అని అడుగుతారు. నాకు తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చి, గడచిన రెండు వారాల్లో నీరసం, ఆకలి లేకపోవడం వంటివి ఎన్ని రోజులు ఉన్నాయో గుర్తు పెట్టమన్నారు. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఉలిక్కిపడ్డాను గానీ, అది ఆ కాగితం నింపే అందరినీ అడిగేదేనట. ఉన్నది ఉన్నట్టు రాయండి.

భాష సంగతి. నేను ఒడియాలోనే మొదలుపెట్టి, అమ్మ ఆఖరిసారి అన్న మాట దగ్గర ఆగిపోయాను. "ఆవిడ ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే చెప్పండి" అన్నారు కౌన్సెలర్. "తిన్నావా అమ్మా" అన్నాను. తెలుగు రాని ఆ మనిషి ముందు నన్ను ఏడవనిచ్చి, నేను తేరుకున్నాకే అర్థం అడిగారు.

ఒక మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు: ఆ రోజు ఇంటికి తేలికగా రాలేదు, రెండు రోజులు ఇంకా బరువుగానే ఉంది. అంతకుముందు కలిసిన మరొకరు పది నిమిషాలు వినకముందే "సర్దుకుపోవాలి" అని తేల్చేశారు. లోపం నాదేననుకుని నాలుగు నెలలు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. కుదరని మనిషిని మార్చుకోవడం తప్పు కాదు.

సమాధానం (బరంపురం నుంచి, ఈ వృత్తిలో ఉన్నవారు)

మందులు రాసేది వైద్యవిద్య చదివిన సైకియాట్రిస్టు, కౌన్సెలర్ రాయరు. అవసరమనిపిస్తే అక్కడికి పంపుతారు. క్లినికల్ సైకాలజిస్టులైతే, అంటే మానసిక సమస్యలను మందులు లేకుండా చూసే శిక్షణ పొందినవారైతే, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) అనే ప్రభుత్వ సంస్థలో నమోదై ఉండాలి కనుక ఏం చదివారని అడగడం అమర్యాద కాదు. సాధారణంగా వారానికోసారి 45 నుంచి 50 నిమిషాలు కూర్చుంటారు, ఎన్ని వారాలన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకునేది.

గోప్యత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. మీ ప్రాణానికో, ఇతరులకో ముప్పు ఉన్నప్పుడు మాత్రం ఇతరులకు చెప్పవలసి రావచ్చు. ఆ హద్దులేమిటో మొదటి రోజే అడగండి, అత్తగారింటి భయాన్ని కూడా దాచకుండా చెప్పండి. తెలుగువారు కావాలంటే పాతపట్నం, శ్రీకాకుళం వైపు వెతకవచ్చు, కానీ ప్రతి వారం వెళ్లగలిగే దూరమేనా అన్నది ముందు చూసుకోండి, ఎందుకంటే మధ్యలో మానేయడానికి తరచుగా ప్రయాణమే కారణమవుతుంది. బుధవారం దాకా ఆగలేని రాత్రి వస్తే, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మూడింటికి లేచినప్పుడు నాన్న నన్ను పిలిచే ముద్దుపేరును ఒక కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. బుధవారం దాన్ని వెంట తీసుకెళ్తాను.