గంట దొరకదు చెల్లె, ఐదు నిమిషాలు దొరుకుతాయి

అందరికీ నమస్తే. మాది ఖాజీపేట. ఆగస్టులో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాము. పాపకు ఇప్పుడు 9 వారాలు, నార్మల్ డెలివరీ. ఆయన ఆఫీసుకు పోతే పొద్దంతా పాప, నేను. నడుము పట్టేస్తోంది, రెండుసార్లు మెట్లు ఎక్కితే ఆయాసం. జిమ్‌కు పోయే వీలు లేదు. అమ్మేమో ఫోన్‌లో "బాలింతవు, కదలకు" అంటోంది. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

*

చెల్లె, మాది హనుమకొండ, ఇప్పుడు రెడింగ్‌లో ఉంటున్నాం. పాపకు నా ముద్దులు.

జిమ్ ముచ్చట పక్కన పెట్టు. మా పెద్దోడు పుట్టినప్పుడు ఒక గంట ఖాళీ దొరికితే మొదలుపెడదామని 5 నెలలు ఎదురుచూశాను. ఆ గంట రానే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒకప్పుడు వ్యాయామం కనీసం 10 నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేది. 2020లో ఆ షరతు తీసేసింది. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం అన్నది బాలింతలకూ వర్తిస్తుంది, కానీ రెండు నిమిషాలు, మూడు నిమిషాలుగా కూడబెట్టుకున్నా సరిపోతుంది. అక్కడిదాకా మెల్లగా చేరుకోవచ్చు, తొందరేం లేదు.

అమ్మ మాట కొట్టిపారేయకు. మన దగ్గర 21వ రోజు తొట్టెల అయ్యేదాకా బాలింతను పని ముట్టనివ్వరంటే, పాపకు నీళ్లు పోయడానికి, నీకు పథ్యం వండడానికి ఇంట్లో నలుగురు ఉంటారు. ఇక్కడ ఆ నలుగురు లేరు. అందుకే రాత్రి మూడు గంటలు కూడా నిద్ర పట్టకపోతే ఆ రోజు వ్యాయామం మానేసి, పాప పడుకోగానే నువ్వూ పడుకో. నా మాట విను, ఇది బద్ధకం కాదు.

6 నుంచి 8 వారాల మధ్య జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర తల్లికి చెకప్ ఉంటుంది. నీకు అయిందా? కాకపోతే రేపు పొద్దున్నే ఫోన్ చేసి అడుగు. వాళ్లు పాపను చూసి పంపించేస్తే ఊరుకోకు, నీ నడుము నొప్పి, ఆయాసం రెండూ చెప్పు.

ఇంకొకటి ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడుచు. తల, భుజాలు కొంచెం పైకి లేపి పొట్ట వైపు చూడు. బొడ్డుకు పైనా కిందా వేళ్లతో మెల్లగా నొక్కితే పొట్ట కండరాల మధ్యలో సందు తగులుతుంది. ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడు. డెలివరీ అయి 8 వారాలు దాటినా ఆ సందు స్పష్టంగా తెలుస్తుంటే ఫిజియో దగ్గరికి పంపమని జీపీని అడుగు. ఇది తెలియకే నేను ఐదో వారంలో ఒక వీడియో చూసి పొట్ట తగ్గాలని క్రంచెస్ (పడుకుని తల, భుజాలు పదేపదే పైకి లేపడం) మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి దగ్గితే మూత్రం పడేది. సిగ్గుపడి రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నువ్వు అలా చేయకు చెల్లె.

అందుకే మొదట పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాన్ని ఆపే కింది కండరాల వ్యాయామం. గ్యాస్ పోకుండా, మూత్రం రాకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించాలి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. కొన్ని సెకన్లు పట్టి వదులు, రోజులు గడిచేకొద్దీ 10 సెకన్లదాకా పెంచు. 10 సార్లు చొప్పున రోజుకు మూడు పూటలు. పాపకు పాలు ఇస్తూ కూర్చునే చేయవచ్చు. నిజంగా మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపే అలవాటు మాత్రం చేసుకోకు.

తర్వాత నేను పట్టుకున్నది కెటిల్. స్విచ్ వేసి, ప్లాట్‌ఫాం అంచు మీద రెండు అరచేతులు ఆనించి, కాళ్లు వెనక్కి జరిపి, ఛాతీ అంచుదాకా వంచి లేచేదాన్ని. మొదటి వారం నాలుగుకే చేతులు వణికాయి. నీళ్లు మరిగేలోపు 12 చేసిన రోజు ఇంకా గుర్తుంది, అప్పటికి సంక్రాంతి దాటింది. పాప మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి, పక్కనే వెల్లకిలా పడుకుని నడుము మెల్లగా పైకి లేపి దించు. సోఫా మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం కూడా వ్యాయామమే.

సాయంత్రం మా పెద్దోడు ఏడుపు ఎత్తుకునే టైంకు నేను బతుకమ్మ ఆడేదాన్ని. పువ్వులు లేవు, హాల్ మధ్యలో ఒక స్టూల్. చుట్టూ తిరుగుతూ, వంగి చప్పట్లు కొడుతూ రెండు పాటలు. వాడు బౌన్సర్‌లోంచి (ఊగే పిల్లల కుర్చీ) కళ్లు తిప్పకుండా చూసేవాడు. వేయి స్తంభాల గుడి దగ్గర ఆడినట్టే ఒళ్లంతా కదులుతుంది, గెంతడం ఉండదు.

పరుగు, తాళ్లాట 12 వారాలలోపు అసలు వద్దు. రక్తస్రావం ఎక్కువైతే, కింద బరువుగా అనిపిస్తే, ఒక కాలు వాచి నొప్పి పెడితే ఆపేసి డాక్టర్‌కు చెప్పు. ఛాతీ నొప్పి వస్తే, ఊపిరి అందకపోతే వెంటనే అంబులెన్స్‌కు 999 కొట్టు. రెండు వారాలకు మించి ఏడుపు, దిగులు పోకపోయినా హెల్త్ విజిటర్‌కు (తల్లీపిల్లలను చూసే నర్సుకు) చెప్పాలి, వ్యాయామంతో సరిపెట్టుకోవద్దు.

*

తమ్మి కోసం ఒక మాట, మాది హుజూరాబాద్. డిసెంబర్‌లో ఇక్కడ 4 గంటలకల్లా చీకటి. మీ ఆయన ఇంటి నుంచి పనిచేసే రోజు లంచ్ టైంలో పాపను ప్రామ్‌లో (తోసే పిల్లల బండిలో) తీసుకుని 20 నిమిషాలు బయటకు పొమ్మను. భద్రకాళి చెరువు కట్ట మీద నడిచినట్టు కొంచెం జోరుగా నడవాలి. అతనికి అది వ్యాయామం, నీకు నిద్ర. చలికాలం విటమిన్ డి 10 మైక్రోగ్రాములు ఇద్దరూ వేసుకోండి. పాపకు తల్లిపాలే అయితే తనకూ చుక్కలు ఇవ్వాలి, ఫార్మసీలో అడగండి. సిజేరియన్ అయినవాళ్లు ఇది చదువుతుంటే, మొదటి 6 వారాలు పాప కంటే బరువైనది ఏదీ ఎత్తకండి, కార్ సీట్‌తో కలిపి పాపను కూడా.

*

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. చెకప్ కాలేదు, ఫోన్ చేశాను, గురువారం రమ్మన్నారు. సందు రెండు వేళ్లు పడుతోంది, చెప్తాను. ఇందాక కెటిల్ పెట్టి మూడు చేశాను. అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే బతుకమ్మకైతే సరే అంది.