సీటు స్టేలు టాప్ ట్యూబు దాక పోయే పాత అల్యూమినియం సైకిల్ ఫ్రేమ్ తీసుకోవచ్చా?

హన్మకొండ_పెడల్:
వాడిన ఫ్రేములు రెండు అమ్మకానికున్నయి. రెండూ అల్యూమినియమే, ఒక్కోటి 5,500 చెప్తున్నరు. ఒకదానికి సీటు స్టేలు (వెనక చక్రం నుంచి సీటు దిక్కు ఎక్కే సన్న పైపులు) సీటు ట్యూబు (సీటు కింది నిలువు పైపు) కాడ ఆగకుండ, దాన్ని రెండు పక్కలా ఆనుకుంట ముందుకు పోయి టాప్ ట్యూబుకు (పైన అడ్డం పైపు) అతికినయి. రెండోదానికి చైన్ స్టే (వెనక చక్రం నుంచి పెడళ్ల దిక్కు వచ్చే పైపు) బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే గూడు) కాడికి రాకుండ, చైన్ మీదికెల్లి పోయి సీటు ట్యూబు నడుమ అతికింది. వెనక హబ్ జాగ రెండిట్లా 135 మి.మీ., బాటమ్ బ్రాకెట్ షెల్ 73 మి.మీ., సీటు పోస్టు (సీటును మోసే గొట్టం) 27.2 మి.మీ.
రోజూ కాజీపేట దాక తిరగాలె, నెలకు ఒకట్రెండు సార్లు రామప్ప దిక్కు. నా బరువు 78 కిలోలు. క్యారియర్, సైడు స్టాండు తప్పవు. ‘ఈ డిజైన్‌తోని కుదుపు తెల్వది’ అంటున్నరు అమ్మేటోళ్లు. నిజమేనా? రెండిట్ల ఏది మంచిది?

పదమూడో_నంబర్_పాన:
కుదుపు మాట నమ్మకండి. పైనుంచి బరువు పడ్డప్పుడు టైరు అణిగేదానితో పోలిస్తే వెనక ట్రయాంగిల్ (వెనక పైపుల త్రికోణం) అణిగేది లెక్కలోకే రాదు, స్టేలు ఎటు వంచినా సరే. 28 మి.మీ. టైరు తీసి 35 వేసి, గాలి 50 పీఎస్ఐ దగ్గర ఉంచితే వచ్చే తేడా ఏ స్టే డిజైన్‌తోనూ రాదు. ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి.

మొదటి ఫ్రేమ్ తీరు కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ హెలెన్స్ అనే ఫ్రేమ్ బిల్డర్ పేరు మీద వీటిని హెలెనిక్ స్టేలు అంటారు. తర్వాత జీటీ కంపెనీ ‘ట్రిపుల్ ట్రయాంగిల్’ అని పేరు పెట్టి తన సైకిళ్లకు గుర్తుగా చేసుకుంది. చూడటానికి బాగుంటుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. చెడ్డ డిజైన్ మాత్రం కాదు.

అసలు చూడాల్సింది సీటు పోస్టు లోతు. మామూలు ఫ్రేమ్‌లో పోస్టు టాప్ ట్యూబు అతుకు దాటి కిందికి దిగితే సరిపోతుంది. ఇక్కడ స్టేలు సీటు ట్యూబును దాటే చోటు టాప్ ట్యూబు కంటే కింద ఉంటుంది, అక్కడా వెల్డింగే. పోస్టు కొన సరిగ్గా ఆ వెల్డు దగ్గర ఆగిందంటే మీరు కూర్చున్న ప్రతిసారీ అది లోపలి నుంచి గడ్డపారలా ఆ చోటునే పొడుస్తుంది. పగులు అక్కడే మొదలవుతుంది. సీటు ట్యూబు పై అంచు నుంచి ఆ వెల్డు కింది అంచు దాకా టేపుతో కొలవండి. పోస్టు దానికంటే కనీసం 2–3 సెం.మీ. ఎక్కువే దిగాలి.

ఎర్ర_చెల్క:
రెండోదాని ముచ్చట నేను చెప్త. ఎనభైల ఆఖర్ల, తొంభైల మొదట్ల మౌంటెన్ బైకులకు ఈ ఎత్తు చైన్ స్టే ఫ్యాషన్ ఉండె. లాభం లేదని కాదు. చైన్ ఎగిరి స్టేకు కొట్టుకోదు, చైన్‌రింగుకూ (పెడల్ కాడి పండ్ల చక్రం) స్టేకూ నడుమ ఇరుక్కోదు, లింకు తెంపకుండనే చైన్ ఊడదీయొచ్చు. ఇప్పటికీ బెల్టు డ్రైవు సైకిళ్లకు ఇట్లాంటి ఫ్రేమ్ పనికొస్తది, ఎందుకంటే బెల్టును తెంపరాదు గద.

నీ పనికి మాత్రం వద్దన్నా. బాటమ్ బ్రాకెట్‌ను వెనక చక్రానికి తిన్నగ పట్టుకునే పైపే లేకపాయె. గట్టిగ తొక్కితే షెల్ పక్కకు ఊగుతది, ముందు డిరైలర్‌కు (గేరు మార్చేది) చైన్ రాసుకుంటది. ఆ ఊగుడు ఆపాలంటే పైపులు లావు పెట్టాలె, బరువు పెరుగుతది. ఇంకోటి, క్రాంకు (పెడల్ చేయి) ఎనక బిగించే సైడు స్టాండుకు అక్కడ జాగనే ఉండది. ఏక్సిల్ కాడ బిగించే స్టాండు దొరికితేనే పని అయితది.

అట్లని మొదటిదానికి గూడ చైన్ స్టేల నడుమ క్లాంపు బిగించకు. అల్యూమినియం పైపు బోల్టు బిగువుకు నొక్కుకుపోతది, ఆ నొక్కు కాడనే నెర్రె బారుతది. క్యారియర్‌కు డ్రాపౌట్ల (వెనక చక్రం ఇరుసు కూసునే కొనలు) మీద ఎం5 (5 మి.మీ.) మరలున్న రంధ్రాలు ఉన్నయా చూడు. పైన లేకుంటే రంధ్రాలున్న సీటు క్లాంపు ఏస్కో, స్టేలకు పట్టీలు చుట్టి బరువు మోపకు.
టైరుకూ స్టేకూ నడుమ రెండు దిక్కుల 6 మి.మీ. ఉంటే రోడ్డుకు చాలు. వానల్ల రేగడి బాటల పోతే మాత్రం అది ఏ మూలకూ చాలది, పది గజాలకే చక్రం పట్టేస్తది.

హన్మకొండ_పెడల్:
మొదటిదే ఖాయం చేద్దామనుకుంటున్న. కని రెండు అనుమానాలు. పోస్టు 8 సెం.మీ. దిగి ఆగిపోతున్నది, వెల్డు కింది అంచు 9 సెం.మీ. కాడుంది. గేరు హ్యాంగర్ (వెనక గేరు వేలాడే ముక్క) లోపలికి కొంచెం వంగినట్టుంది.

పదమూడో_నంబర్_పాన:
పోస్టు ఎందుకు ఆగుతోందో ముందు తెలియాలి. టార్చి వేసి చూడండి. వెల్డింగ్ వేడికి ట్యూబు లోపల ఉబ్బితే రీమర్‌తో (గొట్టం లోపల గీకే పనిముట్టు) సాపు చేయించొచ్చు. బాటిల్ బోల్టు మొన అడ్డొస్తుంటే పొట్టి బోల్టు వేస్తే సరి. ట్యూబే నొక్కుకుపోయి ఉంటే ఇక దాన్ని వదిలేయండి. ఏది చేసినా పోస్టు 11–12 సెం.మీ. దిగాల్సిందే. పోస్టు కొన కోసేసి 8 సెం.మీ. దగ్గరే వాడొచ్చని ఎవరైనా చెబితే వినకండి.

హ్యాంగర్ విడిగా ఊడొచ్చే రకమైతే మార్చుకోవచ్చు. వీటిలో నమూనాలు లెక్కలేనన్ని, అందుకే ఫ్రేమ్ కొనకముందే ఫోటోతో వెతికి దొరుకుతుందని తేల్చుకోండి. డ్రాపౌట్‌తో కలిసిపోయినదైతే ఒక్కసారి, మెల్లగా, కొద్దిగా సరిచేయొచ్చు. రెండోసారి వంచితే విరుగుతుంది.

తర్వాత దారం పరీక్ష. ఒక డ్రాపౌట్‌కు దారం కట్టి, హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింది ముందు పైపు) చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కు బిగుతుగా కట్టండి. సీటు ట్యూబు నుంచి దారానికి రెండు పక్కలా దూరం కొలవండి. తేడా 1 మి.మీ. ఉంటే పట్టించుకోనక్కర్లేదు, 3 దాటితే వద్దు. స్టీలు అయితే వంచి సరిచేసుకోవచ్చు, అల్యూమినియంకు ఆ పని చేయకూడదు.

ఎర్ర_చెల్క:
నెర్రెలు గూడ చూస్కో. స్టేలు దాటే కాడ నాలుగు వెల్డులూ తుడిచి డీజిల్ పుయ్యి, పావుగంట ఆగు. పొడిగుడ్డతోని మంచిగ తుడిచి సుద్దముక్క రుద్దు. పగులు ఉంటే లోపలికి పోయిన డీజిల్ బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీత పడుతది, ఎక్కువగ వెల్డు అంచు పొంటే. గీత పడ్డ కాడ బ్లేడుతోని రంగు గీకి చూడు. రంగుల పగులైతే పోతది, లోహంలదైతే ఉంటది. ఉంటే ఫ్రేమ్ అక్కడనే పెట్టి రా. ‘వెల్డింగ్ కొట్టిస్త’ అంటరు, ఒప్పుకోకు. 6061 రకం అల్యూమినియంకు వేడి తగిలిన కాడ గట్టిదనం పోతది, మళ్ల హీట్ ట్రీట్‌మెంట్ చేస్తెనే వస్తది. అది మన వెల్డింగ్ షాపుల అయ్యే పని కాదు.