గ్రాహం గ్రీన్‌ను హాలీవుడ్ వృథా చేసిందా?

పాతరీలు:
ముందే చెప్పేస్తున్నా, నవలలు రాసిన గ్రాహం గ్రీన్ గురించి కాదు ఇది. అదే పేరున్న కెనడా నటుడి గురించి. 2025 సెప్టెంబర్ 1న, 73 ఏళ్ల వయసులో పోయాడు. పేరు చెప్తే గుర్తు రాకపోవచ్చు గానీ, ద గ్రీన్ మైల్‌లో కరెంటు కుర్చీ ఎక్కే బిటర్‌బక్ అంటే ఆ ముఖం చాలామందికి తడుతుంది.

హాలీవుడ్ అతన్ని వృథా చేసిందని నా వాదన. 1990లో వచ్చిన డాన్సెస్ విత్ వుల్వ్స్‌లో కికింగ్ బర్డ్‌గా చేసి సహాయ నటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. గుడ్‌ఫెల్లాస్‌కి జో పెషి ఎగరేసుకుపోయాడు. దాని మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ల మీదే. అంత పేరొచ్చాక అతనికి దక్కినవేంటి? జైల్లో ఒక గది, పోలీసు స్టేషన్లో ఒక బల్ల, తెగ పెద్ద వేషాలు. రెడ్ ఇండియన్ అని ముద్ర కొట్టి పక్కన కూర్చోబెట్టారు.

సైడ్‌బెంచి:
క్యారెక్టర్ ఆర్టిస్టు అంటేనే పక్కన కూర్చునేవాడు కదండీ. చనిపోయే దాకా పని దొరికింది. ఇంతకంటే ఏం కావాలి?

హామిల్టన్‌చలి:
పాతరీలు గారూ, "రెడ్ ఇండియన్" మాటని మనం చిన్నప్పటి కౌబాయ్ సినిమాల నుంచి మోసుకొస్తున్నాం. ఇక్కడ కెనడాలో ఆ మాట అంటే ఎదుటివాళ్ల మొహం మాడిపోతుంది. ఫస్ట్ నేషన్స్ అంటారు. మనకి మూలవాసులు అంటే సరిపోతుంది. గ్రీన్ ఒనైడా జాతి మనిషి. పుట్టింది ఒంటారియోలోని సిక్స్ నేషన్స్ రిజర్వ్‌లో (రిజర్వ్ అంటే మూలవాసులకు కేటాయించిన నేల), ఓష్వెకెన్ అనే ఊళ్లో. నేనుండే చోటికి కారులో గంట కూడా పట్టదు.

ఇక అసలు విషయం. మీరు అతని జీవితాన్ని 1990 నుంచి మొదలుపెడుతున్నారు. అప్పటికే అతనికి 38 ఏళ్లు. అంతకు ముందు ఉక్కు పని చేశాడు, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు, రాక్ బ్యాండ్లకు సౌండ్ చూసుకున్నాడు. 1974లో టొరంటోలో నాటక శిక్షణ పూర్తి చేస్తే, మొదటి సినిమా 1983లో. మధ్యలో చాలావరకు నాటకరంగమే. టామ్సన్ హైవే రాసిన నాటకంలో చేసి టొరంటో వాళ్ల డోరా అవార్డు అందుకున్నాడు. 2007లో ఇక్కడి స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో షేక్‌స్పియర్ నాటకంలో వడ్డీ వ్యాపారి షైలాక్‌గా చేశాడు. (నేనీ దేశం వచ్చింది 2011లో, చూసే అదృష్టం లేకపోయింది.) షైలాక్‌గా నిలబడినవాణ్ణి పట్టుకుని "వృథా అయ్యాడు" అంటే ఎవరి తక్కెడతో తూచి అంటున్నట్టు?

ఇంకోటి. ఇక్కడి టీవీలో రెడ్ గ్రీన్ షో అని ఒక కామెడీ కార్యక్రమం వచ్చేది. అందులో ఎడ్గర్ అని, ఏ సమస్య వచ్చినా డైనమైట్ పెట్టి పేల్చేద్దామనే మనిషి వేషం గ్రీన్‌ది. జాతి గొడవ లేదు, తెగ పెద్ద గంభీరం లేదు. ఉత్త పిచ్చి నవ్వు. కెనడా వాళ్లని అడిగితే ముందు ఎడ్గరే గుర్తొస్తాడు, కికింగ్ బర్డ్ తర్వాత.

పాతరీలు:
మాట సరిచేసినందుకు థ్యాంక్స్, ఇకపై వాడను. కానీ మీరు నా వాదనకే బలం ఇచ్చారు. సొంత దేశం టీవీలో నవ్వించగలిగినవాణ్ణి, నాటకంలో షైలాక్‌ని చేయగలిగినవాణ్ణి హాలీవుడ్ ఎందుకు వాడుకోలేదు?

సైడ్‌బెంచి:
నామినేషన్ వచ్చినవాళ్లందరికీ తలుపులు తెరుచుకుంటాయని ఎవరన్నారు? ఆ సినిమాకి 12 నామినేషన్లు, 7 అవార్డులు. నటనకి నామినేట్ అయింది ముగ్గురు: కాస్ట్నర్, మేరీ మెక్‌డానెల్, గ్రీన్. ఒక్కరికీ రాలేదు. ఇందులో వివక్ష ఎక్కడుంది?

పాతరీలు:
అవార్డు సంగతి వదిలేశానని మొదట్లోనే చెప్పా. అయినా మీరే ఎత్తారు కాబట్టి, ఒక్కటి చూడండి. అదే సహాయ నటుడి విభాగంలో అంతకు ముందు నామినేట్ అయిన మూలవాసి చీఫ్ డాన్ జార్జ్, 1970 నాటి లిటిల్ బిగ్ మ్యాన్‌కి. ఆయనదీ కెనడాయే. ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్లు. డాన్సెస్ విత్ వుల్వ్స్‌లోనే చేసిన వెస్ స్టూడీకి 2019లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, సంతోషమే. గ్రీన్‌కి అదీ లేదు.

గోదారిగట్టు:
నాకు మాత్రం ఆ సినిమాలో అతని భాష మీదే గౌరవం. గ్రీన్ ఒనైడా మనిషి, పాత్ర లకోటా అనే వేరే జాతిది. ఆ రెండు భాషలవీ వేర్వేరు కుటుంబాలు. మన తెలుగువాణ్ణి తీసుకెళ్లి కశ్మీరీలో డైలాగులు చెప్పమన్నట్టు. బట్టీపట్టి చెప్తున్నట్టు ఎక్కడా అనిపించదు.

ఇక ముద్ర సంగతంటారా, మన కోటకి మాత్రం పడలేదా? ఆయనా అదే 2025లో పోయారు, జులైలో. వందల సినిమాలు చేశారు, హీరో కాలేదని ఎవరైనా ఏడ్చారా?

పాతరీలు:
కోటతో పోలిక కుదరదండీ. ఆయనకి పిసినారి రాశారు, మంత్రి రాశారు, కూతురి పెళ్లికి ఏడ్చే తండ్రిని రాశారు. ఏ జాతి వాడో చూసి వేషం ఇవ్వలేదు. పైగా రాసినవాళ్లు తెలుగువాళ్లే. గ్రీన్ సొంత నేల మీదే ఉన్నాడు, అతని మాటలు మాత్రం వేరేవాళ్లు రాశారు.

హామిల్టన్‌చలి:
ఈ చివరి మాట దగ్గర మీతో కలుస్తాను, కానీ అది మిమ్మల్ని వేరే దారికి తీసుకెళ్తుంది. మూలవాసి వేషం వేయడం తప్పు కాదు, ఎవరు రాశారన్నదే లెక్క. స్కిన్స్ (2002) చూడండి. దర్శకుడు క్రిస్ ఐర్ మూలవాసే, కథ అమెరికాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో (రిజర్వ్‌ని అక్కడ అలా అంటారు). వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి తాగుడుకి బలైన అన్నగా గ్రీన్ చేశాడు. నవ్విస్తూనే కడుపులో దేవేస్తాడు. నా దృష్టిలో కికింగ్ బర్డ్ కంటే అదే పెద్ద పని. రిజర్వేషన్ డాగ్స్‌లో గ్రహాంతరవాసుల కోసం ఎదురుచూసే ఒంటరి ముసలాడు కూడా అంతే, ఆ సిరీస్ రాసినవాళ్లందరూ మూలవాసులే. అవి మూలవాసి వేషాలే, ముద్ర వేషాలు కావు.

గోదారిగట్టు:
క్లియర్‌కట్ వదిలేశారేం? 1991లో కెనడాలో తీసింది. అందులో గ్రీన్, అడవి నరికే మిల్లు మేనేజర్ని ఎత్తుకుపోతాడు. కికింగ్ బర్డ్ మంచితనం చూసి అతన్ని ఇష్టపడ్డవాళ్లు ఆ సినిమా చూస్తే జడుసుకుంటారు.

పాతరీలు:
సరే, తగ్గుతున్నా. "గ్రీన్ వృథా అయ్యాడు" అనను. మంచి పని చేశాడు, చాలావరకు సొంతవాళ్లతో. "హాలీవుడ్ వృథా చేసింది" అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. పెద్ద స్టూడియోల డబ్బుతో, జాతి ప్రసక్తి లేకుండా, గుర్తుండిపోయే పెద్ద వేషం ఒక్కటి చూపించండి.

సైడ్‌బెంచి:
డై హార్డ్ మూడోది, 1995. డిటెక్టివ్ జో లాంబర్ట్. న్యూయార్క్ పోలీసు, అంతే. జాతి ఊసే లేదు.

పాతరీలు:
చూశా. స్టాప్‌వాచ్ పట్టుకుని అతను తెర మీద ఉన్న నిమిషాలు లెక్కపెట్టి మళ్లీ రండి.