తల మీద మూడు కంతులు, వీపు మీద ఒకటి: తీయించుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న (కోనసీమ వాసి)

గత నెల తిరుమలలో తలనీలాలు సమర్పిస్తుండగా క్షురకుడు ఒక్క క్షణం కత్తి ఆపి, "కంతులున్నాయండీ, కదలకుండా కూర్చోండి" అన్నాడు. నడినెత్తిన కుంకుడుకాయంత ఒకటి, వెనుక వైపు బఠానీ గింజలంత రెండు ఉన్నాయని నాకు స్పష్టంగా తెలిసింది అప్పుడే. దువ్వెన తగిలినప్పుడల్లా ఏదో ఎత్తుగా ఉందనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నొప్పి లేదు, దురద లేదు. నా వయసు 46 ఏళ్లు. మా నాన్నగారికీ, మేనత్తకూ తల మీద ఇలాంటివే ఉండేవి.

ఇవి కాక వీపు మీద ఆరేళ్లుగా మరొకటి ఉంది. దాని నడుమ నల్లటి చుక్క కనిపిస్తుంది, అప్పుడప్పుడు అందులోంచి దుర్వాసనతో తెల్లటి ముద్ద వస్తుంది. కత్తి పడితే క్యాన్సర్‌గా మారుతుందని ఒక బంధువు, జిల్లేడు పాలు రాస్తే రాలిపోతాయని మరొకరు చెబుతున్నారు. ఇవి ఏమిటో, తీయించుకోవడం అవసరమో కాదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (విశ్రాంత శస్త్రవైద్యుడు)

చేత్తో పట్టి చూడకుండా నిర్ధారణ చేయకూడదు కనుక, మీరు వర్ణించినదాన్ని బట్టి ఎక్కువగా ఏమై ఉండవచ్చో మాత్రమే చెబుతాను. తల మీద ఒకటికి మించి ఉండి, గట్టిగా, గుండ్రంగా ఉండి, కుటుంబంలో మరికొందరికి కూడా ఉన్నాయంటే వాటిని పైలార్ సిస్టులు (సిస్టు అంటే తిత్తి) అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. ఇవి వెంట్రుక కుదురు పొర నుంచి పుడతాయి, పదింట తొమ్మిది తల మీదే వస్తాయి, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే గుణం కూడా వీటికి ఉంది. వీపు మీది నల్ల చుక్క ఉన్నది ఎపిడెర్మాయిడ్ సిస్టు, అంటే చర్మపు పైపొర కణాలతో ఏర్పడే తిత్తి, కావచ్చు. ఆ చుక్క తిత్తికి ఉన్న నోరు.

చాలామంది, నా తరం వైద్యులతో సహా, వీటన్నిటినీ సెబేషియస్ (కొవ్వు) సిస్టులనే పిలుస్తూ వచ్చాము గానీ ఆ పేరు సరైనది కాదు. లోపల ఉండేది కొవ్వు కాదు, చర్మమూ గోళ్లూ తయారయ్యే కెరటిన్ అనే పదార్థమే. పైకి రాలిపోవలసిన పొరలు లోపలి తిత్తిలో రాలుతూ పోగుపడతాయి. తిత్తి గోడ మిగిలి ఉన్నంతకాలం ఆ పని ఆగదు కనుకనే, ఎన్నిసార్లు పిండి ఖాళీ చేసినా కంతి మళ్లీ నిండుతుంది.

కత్తి పడితే క్యాన్సర్ అవుతుందన్నది పూర్తిగా అపోహ. ఈ సిస్టులు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, తీయించడం వల్ల మారడం అనేది లేనే లేదు. అయితే త్వరత్వరగా పెరుగుతున్నా, కింది ఎముకకో కండరానికో అతుక్కుని కదలకపోయినా, పైన చర్మం పుండుపడి మానకపోయినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. చిన్నపిల్లలకు కనుబొమ్మ చివరనో ముక్కు మీదనో పుట్టుకతో ఉండే కంతుల సంగతి వేరు. వాటికి లోపలి భాగాలతో సంబంధం ఉండే అవకాశం ఉన్నందున స్కాన్ తీయకుండా ఎవరూ సూది కూడా పెట్టకూడదు.

మీవి ఇబ్బంది పెట్టకపోతే వదిలేయవచ్చు. తీయించదలచుకుంటే మాత్రం అవి ప్రశాంతంగా ఉన్నప్పుడే తీయించండి. మత్తు సూది ఆ చోటికే ఇచ్చి, తిత్తిని గోడతో సహా బయటకు తీస్తారు. తల మీదివి గోడ మందంగా ఉండటం వల్ల చాలాసార్లు చెక్కుచెదరకుండా పూర్తిగా ఊడివస్తాయి. పైగా ఇప్పుడు మీకు గుండు ఉంది, కుట్లు వేసేవారికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు.

సమాధానం (గుంటూరు ఉపాధ్యాయిని)

డాక్టరు గారు చెప్పిన "ప్రశాంతంగా ఉన్నప్పుడే" అన్న మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నా వీపు మీది కంతిని ఇంట్లో ఒకసారి గట్టిగా పిండించుకున్నాను, సున్నం, బెల్లం కలిపి పట్టు కూడా వేయించుకున్నాను. నాలుగో రోజుకు అది ఎర్రగా వాచి, వెల్లకిలా పడుకోలేని స్థితి వచ్చింది. తిత్తి లోపలే పగిలి, కెరటిన్ చుట్టూ ఉన్న కణజాలంలోకి చేరితే శరీరం దాన్ని పరాయి వస్తువుగా భావించి ఇలా మండిపడుతుందని, ప్రతిసారీ అది సూక్ష్మజీవుల వల్లే కాదని, అందుకే యాంటీబయాటిక్ మాత్రలతో మాత్రమే తగ్గదని తరువాత తెలిసింది. చీము పట్టడంతో కోసి బయటకు తీశారు గానీ, ఆ వాపులో తిత్తి గోడ దొరకలేదు. ఎనిమిది నెలలకు అదే చోట మళ్లీ వచ్చింది. రెండోసారి వాపు లేనప్పుడు వెళ్లి తీయించుకున్నాను. వీపు చర్మం లాగుతూ ఉంటుంది కనుక కుట్లు పన్నెండు రోజులు ఉంచారు. దండెం మీద బట్టలు ఆరేయడానికి చేయి ఎత్తకూడదన్నదే నాకు పెద్ద శిక్ష అయింది. మచ్చ మిగిలింది. మచ్చలు ఉబ్బెత్తుగా పెరిగే స్వభావం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

జిల్లేడు పాల జోలికి దయచేసి వెళ్లకండి. అవి చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, తల మీద నుంచి జారి కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

సమాధానం (లెస్టర్ తెలుగువాడు)

ఇక్కడ బ్రిటన్‌లో, ప్రభుత్వ వైద్య సేవలో నొప్పి గానీ తరచు వాపు గానీ లేని సిస్టును కేవలం అందం కోసం సాధారణంగా తీయరు. నాకు మొదట కోపం వచ్చింది గానీ, హాని చేయనిదాన్ని కదపకపోవడం కూడా వైద్యమేనని ఇప్పుడు అనిపిస్తోంది. నా మెడ మీది కంతి పదేళ్లుగా నాతోనే ఉంది.

ప్రశ్నించినవారు (కోనసీమ వాసి)

అందరికీ కృతజ్ఞతలు. వీపుది తీయించి, తల మీది చిన్నవి రెండూ వదిలేయాలనుకుంటున్నాను. నడినెత్తిది దువ్వెనకు తగులుతోంది కనుక అదీ తీయిస్తాను. నాకు మధుమేహం ఉంది, గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాను. ముందుగా ఆపాలా?

సమాధానం (విశ్రాంత శస్త్రవైద్యుడు)

మీ అంతట మీరు ఆపకండి. ఇంత చిన్న శస్త్రచికిత్సకు సాధారణంగా ఆస్పిరిన్ ఆపవలసిన అవసరం రాదు. తలలో రక్తం కొంచెం ఎక్కువే కారుతుంది గానీ, నొక్కిపెట్టి కుట్టు వేస్తే ఆగుతుంది. అయినా ఆ మాత్ర రాసిన వైద్యునికీ, కంతి తీసే వైద్యునికీ ఇద్దరికీ చెప్పండి. చక్కెర అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమై చీము పట్టవచ్చు కనుక, తేదీ ఖాయం చేసుకునే ముందు రక్తపరీక్ష చేయించండి. తీసిన తిత్తిని చూసి ఏమాత్రం అనుమానం కలిగినా సర్జన్ దాన్ని బయాప్సీకి, అంటే సూక్ష్మదర్శినితో చేసే పరీక్షకు, పంపుతారు. దానికి వద్దనకండి.