ట్రిగ్గర్‌ని లాగుతామా, నొక్కుతామా, మీటుతామా?

అడిగినవాడు:
స్లాట్ కార్ రేసింగ్ (కరెంటుతో నడిచే బొమ్మకార్ల పందెం) గురించి పిల్లల కోసం తెలుగులో చిన్న పుస్తకంలాంటిది రాస్తున్నాను. చాలా మాటలు తేలిగ్గానే దొరికాయి. ట్రాక్ పొడవునా సన్నటి చీలిక ఉంటుంది కదా, కారు ముక్కు కింది పలక అందులోకి దిగి నడుస్తుంది. దానికి 'గాడి' అన్నాను. మలుపులో వేగం మితిమీరి కారు బయటికి ఎగిరితే 'గాడి తప్పింది'. ఇంత సూటిగా అతికిన మాట చూసి మురిసిపోయాను కూడా.

చిక్కంతా చేతిలో పట్టుకునే కంట్రోలర్ దగ్గర వచ్చింది. అవి రెండు రకాలు. ఒకటి టార్చిలైటులా నిలువుగా పిడికిట పట్టుకుని, పైనున్న బొత్తాన్ని బొటనవేలితో కిందికి దించేది. రెండోది పిస్తోలులా పట్టుకుని, ట్రిగ్గర్‌ని చూపుడువేలితో... ఆ చుక్కల చోట ఏం రాయాలో తెలియకే ఈ పోస్టు. ఇంగ్లీషువాళ్లు ట్రిగ్గర్‌ని లాగుతారు. మరి మనం? మొన్న మా మేనల్లుడి చేతికి ట్రిగ్గర్ కంట్రోలర్ ఇచ్చి "మెల్లగా నొక్కు" అన్నాను. మాట పూర్తయ్యేలోపే కారు మొదటి మలుపులో గాడి తప్పి బల్ల కింద తేలింది. ఇదేమిట్రా అంటే "నువ్వే కదా మామయ్యా నొక్కమన్నావు!" అన్నాడు.

నిఘంటువు తాతయ్య:
'మీట' అనే మాట ఉండగా వెతుకులాట ఎందుకు నాయనా? "తుపాకి మీట నొక్కాడు" అని డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినవాళ్లందరికీ తెలుసు. మనం నొక్కుతాం, లాగం. హిందీవాళ్లకీ అంతే. వాళ్లు ట్రిగ్గర్‌ని 'ఘోడా' అంటారు, అంటే గుర్రం. ఆ గుర్రాన్ని 'దబాతే' అంటారు, నొక్కడమే. కాబట్టి 'లాగు' ఇంగ్లీషు నీడ, కొట్టేయండి.

పేర్లకి 'బొటనవేలి కంట్రోలర్', 'చూపుడువేలి కంట్రోలర్' చాలు. రెండు భాషల మాటలు అతికించిన వైరి సమాసమని ఎవరైనా కత్తి దూస్తే నేను చూసుకుంటాను. 'అంగుష్ఠ నియంత్రకం', 'తర్జనీ నియంత్రకం' అని మాత్రం రాయకండి. తర్జని అంటే బెదిరించే వేలు. అదే వేలు సంస్కృతంలో బెదిరిస్తుంది, తెలుగులో దారి చూపిస్తుంది. నాకు మనదే ముద్దు.

వీణక్క:
తాతయ్యగారూ, పేర్లు బాగున్నాయి గానీ 'మీట' దగ్గర నాకు పేచీ ఉంది. మీటడం అంటే తగిలించి వదిలేయడం. తీగను మీటాక వేలు దాని మీద ఉండకూడదు, ఉంటే నాదం అక్కడే చచ్చిపోతుంది. వీళ్ల ఆటలో వేలు ట్రిగ్గర్ మీదే ఉండాలి కదా? వీణ మీద కుడిచేతి పనికి అది దగ్గర కాదు. ఎడమచేతి పనికి దగ్గర. గమకం పలికించేటప్పుడు మెట్టు మీద తీగను నొక్కి పట్టి పక్కకి లాగుతాం. లాగినకొద్దీ స్వరం పైకి పోతుంది, సడలించినకొద్దీ దిగుతుంది. వేలు ఎక్కడా తీగను వదలదు. నొక్కడమూ లాగడమూ రెండూ అందులోనే ఉన్నాయి. తాతయ్యగారు 'లాగు'ని మరీ అంత తొందరగా కొట్టేయించక్కర్లేదేమో.

ట్రాక్ మనిషి:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వీణ రాకపోయినా చెప్పగలను, ఎందుకంటే ఆ కంట్రోలర్ని విప్పి చూశాను.

పాత పద్ధతి కంట్రోలర్లో ఉండేది ఒక రియోస్టాట్. నిరోధపు తీగను, అంటే కరెంటుకి అడ్డుపడే తీగను, దగ్గర దగ్గరగా చుట్టి పెడతారు. దాని మీద ఒక లోహపు నాలిక జారుతుంది. మామూలుగా 12 వోల్టుల కరెంటు ఆ తీగ గుండా వచ్చి గాడికి రెండు పక్కలా ఉన్న పట్టీల్లోకి, అక్కణ్నుంచి కారు కింది అల్లిక రాగి తీగల మీదుగా మోటారుకి చేరుతుంది. వేలు కదిలినకొద్దీ నాలిక జారి, కరెంటు దాటాల్సిన తీగ తగ్గుతుంది, కారు వేగం పుంజుకుంటుంది. కాలింగ్ బెల్లు మీటకి ఉన్నట్టు 'ఉంది–లేదు' కాదు, మధ్యలో ఎన్నో మెట్లు. తెలుగులో 'నొక్కు' అనగానే మన వేలికి బెల్లే గుర్తొస్తుంది, చివరిదాకా పోతుంది. మేనల్లుడి తప్పేం లేదు.

ఇంకో సంగతి. వేలు తీసేయడం కూడా ఒక పనే. బ్రేకు ఉన్న కంట్రోలర్లకి మూడు తీగలుంటాయి. వేలు పూర్తిగా వదిలితే నాలిక వెనక్కి వెళ్లి మోటారు రెండు కొసల్నీ కలిపేస్తుంది. తిరుగుతున్న మోటారు అప్పుడు జనరేటర్‌గా మారి, తన తిరుగుడుకి తనే అడ్డం పడుతుంది. కారు గబుక్కున తగ్గుతుంది. రెండు తీగలవాటికి ఈ యోగం లేదు, వదిలినా దొర్లుకుంటూ పోతుంది. అందుకని 'నొక్కు'కి ఎంత వెతుకుతున్నారో, 'వదులు'కి అంతకు రెట్టింపు వెతకండి. ఆటంతా అక్కడే ఉంది.

అడిగినవాడు:
అన్నా, మాటల మధ్యలో ఇది కూడా చెప్పేయండి. పిల్లలకి రెండింట్లో ఏది మంచిదని రాయను?

ట్రాక్ మనిషి:
నా చేతికైతే ట్రిగ్గరే. మూడు వేళ్లూ అరచెయ్యీ పిడిని పట్టుకుంటాయి, చూపుడువేలు ఒక్కటే స్వేచ్ఛగా ఆడుతుంది. రాతకీ సూదిలో దారం ఎక్కించడానికీ అలవాటుపడ్డ వేలు, వెంట్రుకవాసి కదలిక దానికి తెలుసు. బొటనవేలిది బలం. స్ప్రింగును గంటసేపు కిందికి అదుముతూ కూర్చుంటే దాని మొదట్లో నొప్పి పుడుతుంది. పైగా పాత రకాల్లో తీగ చుట్ట పిడిలోనే ఉండేది, వేడెక్కితే పిడికిలికి తెలిసిపోయేది.

అలాగని తీసిపారేయకండి. చిన్న చేతికి ట్రిగ్గర్ అందదు. వేలు కొస మాత్రమే తగిలి జారుతుంటుంది. పిడికిట పట్టి బొటనవేలు ఆనించడం ఐదేళ్ల పిల్లకైనా వచ్చు. కరేరా కంపెనీ సెట్లతో మొదలుపెట్టినవాళ్ల చేతుల్లో ఉండేది ఆ బొటనవేలి రకమే. వాళ్లలో కొందరితో పందెం వేసి ఓడిపోయాను కాబట్టి ఇంతకన్నా గొప్పలు చెప్పను.

నిజానికి వేలు కన్నా ముందు చూడాల్సింది ఓమ్‌లు, అంటే నిరోధం కొలత. కంట్రోలర్ నిరోధం మోటారుకి మరీ తక్కువైతే కారు మొదటి కదలికకే దూకుతుంది, మరీ ఎక్కువైతే సగం దాకా పోయినా మొరాయిస్తుంది. ఆ రోజు బల్ల కింద తేలిన కారు విషయంలో తెలుగు నిర్దోషి అయ్యుండొచ్చు.

ఊరికే చదివేవాడు:
ఏకలవ్యుడికి మాత్రం ట్రిగ్గర్ కంట్రోలరే గతి.

నిఘంటువు తాతయ్య:
నవ్వించావురా అబ్బాయ్. సరే, అక్కయ్య అన్న 'సడలించు' పట్టుకుంటే 'బిగించు–సడలించు' అని జంట కుదురుతుంది. కళ్లేనికి వాడే మాటలే. గుర్రం ఎలాగూ హిందీ వైపు నుంచి వచ్చి కూర్చుంది.

వీణక్క:
కళ్లెం బిగిస్తే గుర్రం ఆగుతుంది తాతయ్యగారూ. ఇక్కడ బిగిస్తే పరుగెత్తుతుంది. పిల్లలు అడిగితే ఏం చెప్తాం?

నిఘంటువు తాతయ్య:
ఒప్పుకున్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తచేతులతో పోకుండా ఒక మాట ముచ్చట: స్ప్రింగుతో నడిచే 'స్కేలెక్స్' బొమ్మకార్లు చేసిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో వాటికి ఎలక్ట్రిక్ మోటారు పెట్టి, 'స్కేలెక్స్'నీ 'ఎలక్ట్రిక్'నీ కలిపి ఆ స్లాట్ కార్లకి 'స్కేలెక్స్‌ట్రిక్' అని పేరు పెట్టాడు. మధ్యలో రెండు అక్షరాలు మింగేసినా ఆయన్ని ఏ వ్యాకరణమూ అడగలేదు. మనం మాత్రం ఒక మీట కోసం మూడు రోజులుగా కొట్టుకుంటున్నాం.

అడిగినవాడు:
నిన్న సాయంత్రం ఒక ప్రయోగం చేశాను. కంట్రోలర్ మాట ఎత్తకుండా, వేలికి ఏం జరుగుతుందో అదే చెప్పాను. ట్రిగ్గర్‌కి 'వేలు మడువు', 'వేలు చాపు'. వేళ్లు మడిచి లెక్కపెట్టడం వాడికి వచ్చు కదా, ఎంత మడవాలో చూపిస్తే అర్థమైంది. బొటనవేలి దానికి 'అదుము', 'తేల్చు'. అదిమిన వేలిని స్ప్రింగే పైకి తేలుస్తుంది, దాన్ని నీళ్లలో బెండులా రానివ్వాలి అన్నాను.

పక్కన కూర్చుని పాటలా చెబుతూ పోయాను: "మడువు... ఇంకొంచెం... మలుపొస్తోంది, చాపు... బయటపడ్డాం, మడువు." నాలుగు చుట్లు గాడి తప్పలేదు! ఐదో చుట్టులో మళ్లీ బల్ల కిందికే. "చాపాను మామయ్యా, అయినా పోయింది" అన్నాడు. చాపాడు, నిజమే. కానీ మలుపు మధ్యకి వచ్చాక చాపాడు. ముక్కు ఆగింది, తోక ఆగలేదు.

ట్రాక్ మనిషి:
అది అందరం పడ్డ గుంటే. 'ముందే చాపు' అని రాయండి. మీ మాటల్లో నాకు 'తేల్చు' బాగా నచ్చింది. బొటనవేలితో నడిపేవాళ్లు నిజంగా చేసేది అదే.

వీణక్క:
ఒక్క సందేహం. డిజిటల్ సెట్లలో కారు ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి మారడానికి వేరే బొత్తాం ఉంటుందట కదా. దాన్నైనా మీటొచ్చా?

ట్రాక్ మనిషి:
లేదక్కా. కొన్ని సెట్లలో కారు గాడి మారే ఆ ట్రాక్ ముక్క దాటేదాకా దాన్నీ నొక్కి పట్టుకునే ఉండాలి.

వీణక్క:
అయితే మీ ఆట మొత్తంలో మీటేది ఏదీ లేదు.

అడిగినవాడు:
'మీట' తీసేశాను. ట్రిగ్గర్‌ని ట్రిగ్గర్‌గానే ఉంచుతున్నా.