సంఘానికి లిఖిత విశ్వాస ప్రమాణం అవసరమా, బైబిలు ఒక్కటే చాలదా?

ద్రాక్షావల్లి

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘం ఇన్నాళ్లూ నియమావళి లేకుండానే నడిచింది. ఇప్పుడు రాసుకోవలసి వచ్చింది. ఆ పని అప్పగించిన ఐదుగురిలో నేనూ ఒకదాన్ని. "సంఘ విశ్వాసము" అన్న మొదటి ప్రకరణం దగ్గరే మేము ఆగిపోయాము. పెద్దలలో కొందరు అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్నీ, నైసియా విశ్వాస ప్రమాణాన్నీ యథాతథంగా అందులో చేర్చాలని కోరుతున్నారు. మిగిలినవారు "పరిశుద్ధ గ్రంథమే మా విశ్వాస ప్రమాణము" అన్న ఒక్క వాక్యం చాలునని, దానికి ఇంకేది జోడించినా మనుష్యుల మాటను దేవుని మాట పక్కన కూర్చోబెట్టినట్లే అవుతుందని అంటున్నారు. నేను చిన్ననాట ప్రతి ఆదివారం లేచి నిలబడి "సర్వశక్తిగల తండ్రియైన దేవుని నమ్ముచున్నాను" అని పలికిన సంఘంలో పెరిగాను. పెళ్లయ్యాక చేరిన ఈ సంఘంలో ఆ మాటలు ఒక్కసారి కూడా వినలేదు. రెండు చోట్లా నిజమైన భక్తిపరులను చూశాను కాబట్టి నా మనసు ఎటూ తేలడం లేదు. వాక్యాధారంతో, చరిత్ర ఆధారంతో చెప్పగలిగినవారు చెప్పండి.

బెరయ విశ్వాసి

సహోదరి గారికి వందనాలు. ఆ ఒక్క వాక్యమే చాలునన్నది నా స్థిరమైన అభిప్రాయం. దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము దైవజనుని పూర్ణముగా సిద్ధపరచడానికి సరిపోతుందని పౌలు తిమోతికి రాశాడు. పూర్ణముగా అన్న తరువాత మిగిలేది ఏముంటుంది?

అపొస్తలుల విశ్వాస ప్రమాణం పేరులో అపొస్తలులు ఉన్నా, దాన్ని వారు రాయలేదు. పన్నెండుగురూ తలా ఒక వాక్యం చెప్పారన్నది తరువాతి కాలంలో పుట్టిన కథ. మనం ఇప్పుడు పలికే పాఠం అదే రూపంలో కనబడేది 8వ శతాబ్దంలో. ఇక 325లో నైసియా సభను పిలిచినది ఒక చక్రవర్తి. అక్కడ రాసిన ప్రమాణానికి సంతకం పెట్టని ఇద్దరు బిషప్పులను, కుమారుడు సృష్టింపబడినవాడని బోధించిన అరియస్‌తో పాటు దేశబహిష్కరణకు పంపినదీ ఆ చక్రవర్తి అధికారమే. సత్యాన్ని నిలబెట్టడానికి కాన్‌స్టంటైన్ శిక్ష అవసరమైందా అని అడగడం తప్పు కాదనుకుంటాను. 1553లో జెనీవాలో సెర్వెటస్‌ను సజీవంగా దహనం చేసినప్పుడు అతని మీద మోపిన ప్రధాన నేరాలలో ఒకటి త్రియేకత్వాన్ని నిరాకరించడం. అతని బోధ తప్పేనని నేనూ నమ్ముతాను, అయినా ఆ చితిని పేర్చినవారి చేతిలో విశ్వాస ప్రమాణం ఉంది.

మరొక మాట. ఆ రెండు ప్రమాణాలలోనూ కన్యయైన మరియ తరువాత వెంటనే వచ్చే పేరు పొంతి పిలాతు. ఆ ఇద్దరి మధ్య ప్రభువు జీవించిన జీవితం, కొండమీద ప్రసంగం, రోగులను ముట్టి బాగుచేయడం, పాపులతో కలిసి భోజనం చేయడం, ఏదీ లేదు. నాలుగు సువార్తలలో అత్యధిక భాగాన్ని విడిచిపెట్టిన పాఠాన్ని విశ్వాస సారాంశమని పిలవడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు.

కావలివాడు

బెరయ విశ్వాసి గారు చెప్పిన వాస్తవాలలో ఒక్కదాన్నీ నేను కాదనను. సువార్తల మధ్యభాగం లేదన్న లోటు నిజమైనదే, నన్నూ బాధించినదే. అయితే "బైబిలు ఒక్కటే చాలు" అన్న వాక్యాన్ని నైసియాలో పరీక్షించి చూశారు. ఆ పరీక్షలో ఏం జరిగిందో సహోదరి గారు తెలుసుకోవాలి.

అరియస్ అలెగ్జాండ్రియాలో ఒక పెద్ద. అతను బైబిలును తృణీకరించినవాడు కాడు. సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో జ్ఞానము "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది. కొలొస్సయులకు రాసిన పత్రికలో క్రీస్తు "సర్వసృష్టికి ఆదిసంభూతుడు". యోహాను సువార్తలో ప్రభువే "తండ్రి నాకంటె గొప్పవాడు" అంటాడు. ఈ వచనాలను కలిపి చదివి, కుమారుడు సృష్టింపబడినవారిలో మొదటివాడనీ, ఆయన లేని సమయం ఒకటి ఉండెననీ అరియస్ బోధించాడు. అప్పటికి డీకనుగా సభకు వెళ్లిన అథనాసియస్ తరువాత రాసిన వివరణ ప్రకారం, సభ మొదట లేఖనాలలోని మాటలతోనే ఆ బోధను తోసివేయాలని చూసింది. కుమారుడు "దేవుని నుండి" వచ్చినవాడని రాద్దామన్నారు. అరియస్ పక్షంవారు సంతోషంగా ఒప్పుకున్నారు, ఎందుకంటే "ఆయననుండి సమస్తమును కలిగెను" అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే ఉంది కదా, సమస్త సృష్టితో పాటు కుమారుడూ ఆయన నుండి కలిగినవాడే అన్నారు. కుమారుడు దేవుని స్వరూపమని రాద్దామంటే దానికీ సరేనన్నారు, పురుషుడు కూడా "దేవుని పోలికయు మహిమయు" అని అదే పత్రికలో ఉంది గనుక. ఏ వచనాన్ని ముందుపెట్టినా వారు దాన్ని తమ అర్థంలో స్వీకరించారు. చివరకు, బైబిలులో లేని "హోమోఊసియోస్", అంటే తండ్రితో ఏకతత్త్వము గలవాడు, అన్న పదాన్ని సభ ఎంచుకున్నది వారు తమ అర్థంలోకి తిప్పుకోలేని మాట అదొక్కటే అయినందువల్ల.

ముప్ఫై రెండేళ్ల తరువాత జరిగినది కూడా చూడండి. 357లో సిర్మియంలో కూడిన కొందరు బిషప్పులు, ఈ పదాలు లేఖనాలలో లేవు కనుక ఇకమీదట ఎవరూ వాడకూడదని ప్రకటించారు. వినడానికి అది లేఖనభక్తిలాగే ఉంది. కాని అదే ప్రకటన కుమారుణ్ణి తండ్రి కంటె తక్కువవానిగా నిలిపింది. బైబిలు పదాలకే పరిమితమవుదామన్న విన్నపం కొన్నిసార్లు బైబిలు అర్థం నుండి తప్పించుకునే దారి కాగలదని నేను నమ్మడానికి కారణం ఇదే. పౌలు కూడా తిమోతికి లేఖనాల గ్రంథపు చుట్టలను మాత్రమే అప్పగించి ఊరుకోలేదు. "నీవు నావలన వినిన హితవాక్యప్రమాణమును గైకొనుము" అన్నాడు. కొరింథీయులకు "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అని మొదలుపెట్టి క్రీస్తు మరణ సమాధి పునరుత్థానాలను వరుసగా చెప్పిన చోట మనం వింటున్నది, ఆ పత్రిక కంటె ముందే సంఘం నోట ఉన్న ఒప్పుకోలునే.

బెరయ విశ్వాసి

సిర్మియం సంగతి బరువైనదే, తేలికగా తీసివేయను. కాని మీరు ఇంతగా నమ్ముతున్న ఆ పదానికీ ఒక గతం ఉంది. సమోసటకు చెందిన పౌలు (అపొస్తలుడు కాదు, తరువాతి కాలపు అంతియొకయ బిషప్పు) దాన్ని తప్పుడు అర్థంలో వాడినందుకు, 268లో అంతియొకయలో కూడిన సభ అదే పదాన్ని నిరాకరించిందని అథనాసియస్ కాలంలోనే చెప్పుకొన్నారు, ఆయనా దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. నిన్న తప్పైన మాట నేడు కొలబద్ద అయితే, రేపటి మాట ఏమిటి? పరిశుద్ధాత్మ తండ్రి నుండియే కాక "కుమారుని నుండియు" బయలుదేరునని చెప్పే చిన్న పదబంధాన్ని పడమటి సంఘాలు నైసియా ప్రమాణంలో చేర్చుకున్నాయి, 1014 నాటికి రోములోనూ అది ఆరాధనలో వినబడింది, తూర్పు సంఘాలు ఇప్పటికీ దాన్ని అంగీకరించలేదు. ఐక్యత కోసం రాసిన పాఠమే 1054 నాటి చీలికకు చెప్పిన కారణాలలో ఒకటైంది.

నిత్యం నోటితో పలకడం వల్ల హృదయం దూరమయ్యే ప్రమాదాన్ని యెషయా ఎప్పుడో చెప్పాడు. దాని మీద ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఆ ప్రమాదం మన పాటలకూ, ప్రార్థనలకూ ఉన్నదే.

నిశ్శబ్ద సాక్షి

నేను వేదాంతం చదువుకోలేదు, ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాను. నాకు తెలిసిన ఒక అనుభవం మాత్రం చెప్పాలి. నేను ఇదివరకు ఉన్న సంఘంలో లిఖిత ప్రమాణం లేదు, "బైబిలే మా ప్రమాణం" అన్న మాట గోడ మీద ఉండేది. కొన్నేళ్లకు కాపరి గారి బోధ మారింది. జబ్బు తగ్గనివారిలో విశ్వాసం లేదనీ, తనకు కలిగిన ప్రత్యక్షతను సంఘం వాక్యంతో సమానంగా స్వీకరించాలనీ చెప్పసాగారు. దీర్ఘకాలం మంచాన ఉన్న ఒక తల్లిని ఆ మాట ఎంత నలిపిందో నేను దగ్గర నుండి చూశాను. ముగ్గురం వెళ్లి, ఇది మన సంఘ విశ్వాసమేనా అని వినయంగా అడిగాము. ఆయన ఒక వచనం చూపించారు. మేము మరొకటి చూపించాము. ఆయన మరో రెండు చూపించి, మీరు నాకు నేర్పుతారా అన్నారు. మా చేతిలో, ఇదిగో ఈ సంఘం నమ్మేది ఇది, మీరు బాధ్యత స్వీకరించిన నాడు మీరూ ఒప్పుకున్నారు, అని చూపడానికి ఒక్క కాగితం లేదు. చివరకు మేమే బయటికి వచ్చాము.

అందువల్ల నా మనవి ఇంతే. ప్రమాణం లేని సంఘం లేదు. రాసుకోని చోట ఆ ప్రమాణం కాపరి నోట ఉంటుంది, ఆయన మారితే అదీ మారుతుంది. రాసుకుంటే నాబోటి సామాన్య విశ్వాసి కూడా దాన్ని చదివి, వాక్యంతో సరిపోల్చి, ప్రశ్నించగలుగుతుంది.

కావలివాడు

సహోదరి చెప్పిన దానికి నేను కలపవలసినది దాదాపు ఏమీ లేదు. చక్రవర్తి శిక్ష గురించి మాత్రం ఒక మాట. 1934 మే నెలలో జర్మనీలోని బార్మెన్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్, సంయుక్త సంఘాల ప్రతినిధులు ఆరు సూత్రాల ప్రకటన చేశారు. నాజీ రాజ్యానికి అనుకూలంగా సంఘాన్ని మలచాలని చూసిన వర్గానికి వ్యతిరేకంగా వారు చేసిన ఒప్పుకోలు అది. లేఖనాలలో సాక్ష్యమివ్వబడిన యేసుక్రీస్తే మనం విని లోబడవలసిన ఏకైక దేవుని వాక్యమని మొదటి సూత్రం చెబుతుంది. విశ్వాస ప్రమాణం రాజ్యానికి ఎదురు నిలిచిన సందర్భమది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను లేఖనాలతోనే సమర్థించినప్పుడు, 1982లో రూపుదిద్దుకుని 1986లో అంగీకరించబడిన బెల్హార్ ఒప్పుకోలు కూడా అలాంటిదే.

బెరయ విశ్వాసి

ఈ ఉదాహరణలు రెండు వైపులా కోస్తాయి. ఆ జర్మన్ లూథరన్ సంఘాలకు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు అప్పటికే ఉంది, నైసియా ప్రమాణమూ ఉంది. వర్ణవివక్షను సమర్థించిన సంఘాలకూ లిఖిత ఒప్పుకోళ్లు ఉన్నాయి. అవి వారిని ఆపలేదు. నిశ్శబ్ద సాక్షి గారి బాధ నా హృదయాన్ని తాకింది, ఆ తల్లి కోసం ప్రార్థించాను కూడా. అయితే కాగితం ఉన్నంత మాత్రాన ఆ కాపరి ఆగేవారా అన్నది నా సందేహం.

కావలివాడు

ఆగకపోయి ఉండవచ్చు, అది ఒప్పుకుంటాను. ప్రమాణం సంఘాన్ని కాపాడుతుందని నేను అనను. తప్పిపోయినప్పుడు ఎక్కడ తప్పిపోయిందో చూపిస్తుందని మాత్రమే అంటాను. ఆ ముగ్గురు విశ్వాసులు సంఘమంతటి ముందు నిలబడి ప్రశ్నించడానికి వారికి ఒక ఆధారం దొరికేది.

ప్రమాణం వాక్యంతో సమానమని ఆ ప్రమాణాలను గౌరవించిన సంఘాలు కూడా చెప్పలేదు. 1571 నాటి ఆంగ్లికన్ ముప్ఫై తొమ్మిది సూత్రాలలో ఎనిమిదవది, లేఖనాల నుండి రుజువు చేయగలిగినందువల్లనే విశ్వాస ప్రమాణాలను స్వీకరించాలంటుంది. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలు 31వ అధ్యాయంలో, సభలు పొరబడగలవనీ, అనేక సభలు పొరబడ్డాయనీ, వాటిని విశ్వాసానికి నియమంగా చేసుకోకూడదనీ తానే రాసుకుంది. బెరయవారు పౌలు మాటలను లేఖనాలతో పరిశోధించినట్లు ప్రమాణాన్నీ పరిశోధించాలి. అలా పరిశోధించాలంటే ముందు అది రాసి ఉండాలి.

సహోదరి గారూ, పాఠాలను యథాతథంగా అతికించి వదిలేయకండి. బార్మెన్ ప్రకటనలో ప్రతి సూత్రం ఒక లేఖన వచనంతో మొదలై, దాని అర్థాన్ని ఒప్పుకుని, దానికి విరుద్ధమైన బోధ ఏదో పేర్కొని నిరాకరిస్తుంది. మీ ప్రకరణాన్ని ఆ తీరులో రాయండి. ప్రభువు జీవితం గురించీ, ఆయన బోధ గురించీ ఒక వాక్యం చేర్చండి. బెరయ విశ్వాసి గారు చూపిన లోటు అక్కడ తీరుతుంది.

ద్రాక్షావల్లి

ఎంతో ఉపయోగకరంగా ఉంది. ఒక చిక్కు మిగిలింది. అపొస్తలుల ప్రమాణంలో ప్రభువు అదృశ్యలోకములోనికి దిగెనన్న మాట ఉంది. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు అది స్పష్టపడలేదు. ఇలాంటి ఒక్క మాట అర్థం కానివారిని ప్రభువు బల్లకు దూరం చేస్తామా?

బెరయ విశ్వాసి

నా అసలు భయం ఇదే, సహోదరీ. ఫిలిప్పు దగ్గర ఐతియొపీయుడైన నపుంసకుడు బాప్తిస్మం పొందిన రోజున అతనికి నైసియా తెలియదు. అపొస్తలుల కార్యములు 8:37లో ఉన్న అతని ఒప్పుకోలు అతి ప్రాచీన ప్రతులలో లేదు, కాని యేసుక్రీస్తు దేవుని కుమారుడన్న ఆ ఒక్క వాక్యాన్నే తొలి సంఘం బాప్తిస్మానికి చాలినదిగా ఎంచిందని ఆ వచనం సాక్ష్యమిస్తోంది. కావలివాడు గారు చెప్పిన తీరులో రాసి, లేఖనాలతో తప్పని చూపినప్పుడు సంఘం దాన్ని సవరించగలదన్న నిబంధన పెడితే, నేను ఇకపై అభ్యంతరం చెప్పను. కాని దాన్ని బల్లకు తలుపుగా చేస్తే అభ్యంతరం చెబుతాను.

కావలివాడు

అందులో మనకు భేదం లేదు. బోధించేవారు, పెద్దలుగా నియమింపబడేవారు ప్రమాణమంతటికీ సంతకం చేయాలి, ఎందుకంటే ఇతరుల ఆత్మలు వారి మాట మీద ఆధారపడి ఉన్నాయి. బల్లకు వచ్చే విశ్వాసికి రోమీయులకు 10:9 చాలు: యేసు ప్రభువని నోటితో ఒప్పుకోవడం, దేవుడు మృతులలోనుండి ఆయనను లేపెనని హృదయంలో విశ్వసించడం. ఇక ఆ అదృశ్యలోకపు మాట విషయానికి వస్తే, అది ఆ ప్రమాణపు తొలి రోమా పాఠంలో లేదు, తరువాత చేరినది. దాన్ని విడిచిపెట్టి రాసుకున్నా మీ సంఘం విశ్వాసం నుండి తొలగినట్లు కాదు.

ద్రాక్షావల్లి

అయితే రెండు ఉపప్రకరణాలుగా రాస్తాను: మొదటిది సంఘసభ్యుల ఒప్పుకోలు, రెండవది బోధకుల ఒప్పుకోలు. సవరణ నిబంధన రెండవదానికి మాత్రమే వర్తించాలా, రెండింటికీ వర్తించాలా అన్నది వచ్చే కూడికలో పెద్దలనే అడుగుతాను.