కీన్ 'హోప్స్ అండ్ ఫియర్స్'లో నిజంగానే గిటార్ లేదా?

నిద్రపట్టని_నాని:
హాస్టల్లో ఉన్నప్పుడు సీనియర్ ఒకాయన రాసిచ్చిన ఎంపీ3 సీడీలో 'సమ్‌వేర్ ఓన్లీ వీ నో' ఒక్కటే ఉండేది, దాన్నే అరగదీశాను. అది ఉన్న ఆల్బమ్, ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ కీన్ వాళ్ల 'హోప్స్ అండ్ ఫియర్స్' మొదటి నుంచి చివరిదాకా వరసగా వినడం మాత్రం మొన్న రాత్రే. 2004లో వచ్చింది, నేను ఇరవై ఏళ్లు లేటు, ఏం చేస్తాం. ఇప్పుడు రోజూ అదే నడుస్తోంది, ఇంట్లో వాళ్లకి విసుగొచ్చేసింది. బ్యాండ్‌లో గిటారిస్టే లేడని ఎక్కడో చదివాను గానీ నమ్మబుద్ధి కావట్లేదు. 'బెండ్ అండ్ బ్రేక్'లో వెనకాల గరగరలాడుతూ ఏదో మోగుతుంది కదా, అది గిటార్ కాకపోతే మరేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకీబోర్డు:
గిటార్ లేదు నాని గారూ, తీగలు మాత్రం ఉన్నాయి :) బ్యాండ్‌లో పియానో వాయించే టిమ్ రైస్-ఆక్స్‌లీ వాడేది యమహా సీపీ70, ఎలక్ట్రిక్ గ్రాండ్ పియానో అంటారు. సింథ్ (శబ్దాన్ని ఎలక్ట్రానిక్‌గా పుట్టించే కీబోర్డు) కాదు, లోపల నిజం తీగలు, వాటిని కొట్టే నిజం సుత్తులు ఉంటాయి. మామూలు పియానోలో తీగ అదురు ఒక పెద్ద చెక్క పలకకి పాకి, ఆ పలక మోగితే మనకి వినిపిస్తుంది. సీపీ70లో ఆ పలకే ఉండదు, పికప్‌లు తీగ అదురుని పట్టుకుని నేరుగా యాంప్‌కి పంపేస్తాయి, కాబట్టి గిటార్ వాళ్లు పెడల్స్‌తో (శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బాలు) చేసే అల్లరంతా దీంతోనూ చేయొచ్చు, డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం) తగిలించారంటే పియానో అని చెప్తే గానీ తెలీదు. స్టేజీల మీదకి మోసుకెళ్లడానికి రెండు ముక్కలుగా విడదీసేలా చేశారు, అందుకోసం బాస్ తీగలు పొట్టిగా ఉంటాయి, కింది స్వరాల్లో వచ్చే ఆ ఇనుప మోత దానివల్లే. మీ డౌట్ ఇంకా తీరకపోతే రెండో ఆల్బమ్‌లోని (2006) 'ఈజ్ ఇట్ ఎనీ వండర్' వినండి, మొదటి పది సెకన్లు గిటార్ అని పందెం కడతారు. అదీ పియానోయే.

అసలు మొదట్లో వీళ్లకి గిటారిస్ట్ ఉండేవాడు, డొమినిక్ స్కాట్. 2001లో వెళ్లిపోయాడు. కొత్తవాడిని వెతక్కుండా ఉన్న ముగ్గురే సర్దుకున్నారు, టిమ్ పియానో, టామ్ చాప్లిన్ గొంతు, రిచర్డ్ హ్యూస్ డ్రమ్స్. బాస్ కూడా టిమ్ వాయించి పెట్టుకున్నదే, కచేరీల్లో లాప్‌టాప్‌లోంచి వేసేవాళ్లు. గిటార్ లేని ఖాళీ అంతా చాప్లిన్ గొంతుకి దొరికింది. ఆ ఆల్బమ్‌లో గొంతు అంత విశాలంగా వినిపించడానికి సగం కారణం అదేనని నా లెక్క.

ఉప్మా_వ్యతిరేకి:
తిట్టుకోకండి గానీ నాకు ఆరో పాటకే అలసటొస్తుంది బ్రో. అన్నీ ఒకేలా మొదలై, ఒకేలా ఉబ్బి, కోరస్‌లో ఒకేలా ఏడుస్తాయి. 'ఎవ్రీబడీస్ ఛేంజింగ్' బంగారం, ఒప్పుకుంటా. మిగతావి విడివిడిగా అయితే ఓకే.

నిద్రపట్టని_నాని:
@ఉప్మా_వ్యతిరేకి కొంత నిజమే, 'సన్‌షైన్' దగ్గర నేనూ ఫోన్ చూసుకున్నాను. కానీ చివర్లో 'బెడ్‌షేప్డ్' వచ్చేసరికి మాత్రం ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చున్నా. దానికి ముందు అన్ని పాటలు వినలేదంటే ఆ పాట అంత బరువుగా తగలదేమో అనిపించింది.
@పాతకీబోర్డు థాంక్స్ అండీ, ఇప్పుడు వింటుంటే సుత్తి దెబ్బలే వినిపిస్తున్నాయి, ఇంకోలా వినడం కుదరట్లేదు.

రెండుచేతులశీను:
పది కాదు, ఆన్‌లైన్‌లో వంద 'ఈజీ ట్యుటోరియల్స్' ఉన్నాయి కదా అని 'సమ్‌వేర్ ఓన్లీ వీ నో' నేర్చుకోబోయి బోల్తా పడ్డవాడిని నేను. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది, కుడి చేత్తో కార్డ్‌ని (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) టకటకా కొడుతూనే ఉండాలి, ఎడమ చేతిలో బాస్ (కింది స్వరం) మాత్రం ఎ నుంచి దాని కిందనే ఉన్న జి షార్ప్‌కి దిగుతుంది, ఆ ఒక్క మెట్టు దిగడంలోనే పాటలోని దిగులంతా ఉంది. వారం రోజులు వాయించినా నాది బురదలో నడుస్తున్నట్టే ఉండేది. కీబోర్డు చవకరకం, దానివల్లే అనుకున్నా. తీరా చూస్తే నా కాలు! సస్టెయిన్ పెడల్ (వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూ ఉంచేది) ఒకసారి నొక్కితే పాట అయ్యేదాకా ఎత్తట్లేదు, పాత కార్డూ కొత్త కార్డూ కలిసిపోయి మోగుతున్నాయి. కార్డ్ మారగానే కాలెత్తి మళ్లీ నొక్కాలట. రెండు రోజుల్లో దారికొచ్చింది. కుడి చేతి మణికట్టు మాత్రం మూడో నిమిషానికి పట్టేస్తోంది, టిమ్ గారు కచేరీ మొత్తం తల ఊపుకుంటూ ఎలా వాయిస్తారో ఆయనకే తెలియాలి.

పాతకీబోర్డు:
@రెండుచేతులశీను మణికట్టు బిగబట్టి కొడుతున్నట్టున్నారు. సగం స్పీడులో, మోచేయి వదులుగా పెట్టి ఓ నాలుగు రోజులు వాయించి చూడండి. నొప్పి వస్తే ఆపేయండి, పంతానికి పోవద్దు.

నిద్రపట్టని_నాని:
మా అక్క కూతురి కీబోర్డు ఒకటి అటక మీద ఉంది. పెడల్ విడిగా కొనాలా?

రెండుచేతులశీను:
కొనాలి అన్నా. కొనేముందు వెనకాల పెడల్ జాక్ (పెడల్ వైరు గుచ్చే రంధ్రం) ఉందో లేదో చూడు, నా మొదటిదానికి లేదు.